షెల్టర్ తాళం చెవి ఎవరి దగ్గరుంది?

1991లో ఒక లెక్చరర్ పోస్టు ఇంటర్వ్యూకి వెళ్ళాను. బోర్డులో ఉన్న పెద్దాయన నా బయోడేటా తిరగేసి, "నాగాయలంక వైపు వాడివి. భద్రత మీద పీహెచ్‌డీ అంటున్నావు. మనకి సరిహద్దు ఎక్కడుందయ్యా? ఈ చదువు గుంటూరు పిల్లలకి ఎందుకు?" అని అడిగారు. ఆయన మాటలో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను చైనా, పాకిస్తాన్, హిందూ మహాసముద్రం అంటూ పొడిపొడిగా ఏదో చెప్పాను. ఉద్యోగమైతే వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. 31 ఏళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పి 2022లో రిటైరయ్యాను. ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అసలు జవాబు ఇంటర్వ్యూకి 14 ఏళ్ళ ముందే నాకు తెలుసు. అది చదువుకి సంబంధించిన విషయమని మాత్రం అప్పటికి తెలియదు.

1977 నవంబరు 19. నేను బందరులో ఇంటర్ చదువుతున్నాను. ఆ రాత్రి తుపానుకి బందరు ఊరే అల్లాడిపోయింది. హాస్టల్ గదిలో తలుపుకి మంచాలు అడ్డం పెట్టి తెల్లవార్లూ కూర్చున్నాం. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉన్న మా దివిసీమ సంగతి తర్వాత రెండు రోజులకి గానీ తెలియలేదు. దొరికిన చోట లారీ ఎక్కుతూ, లేని చోట నడుస్తూ నేను ఇల్లు చేరేసరికి అయిదో రోజు. మా ఇల్లు నిలబడింది. సొర్లగొంది వైపు ఉండే మా మేనత్త ఇంటికి నాన్న, నేను కలిసి వెళ్ళాం. ఇల్లు ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి అక్కడ మిగిలింది ఒక్కటే, రుబ్బురోలు. అది మాత్రం కదల్లేదు. దాని గుంట నిండా ఉప్పునీళ్ళు, అడుగున ఒండ్రు. నాన్న ఆ నీళ్ళు దోసిళ్ళతో తోడి పోశారు. ఎందుకు తోడారో ఆయనకీ తెలిసి ఉండదు. అత్త ఇంట్లో ఆరుగురు పోయారు. అధికారిక లెక్కలోనే ఆ తుపానులో చనిపోయినవాళ్ళు దాదాపు 10,000 మంది.

మా ఇంట్లో రేడియో ఉంది. తుపాను వస్తోందని ఆకాశవాణి చెబుతూనే ఉంది. సముద్రం ఊళ్ళ మీదికి వస్తుంది, ఇల్లు వదిలి ఫలానా మెరక మీదికి పొండి అని చెప్పినవాళ్ళు మాత్రం మా వైపు ఊళ్ళకి రాలేదు. రేడియోలో మాటకీ మా అత్త గుమ్మానికీ మధ్య ఎక్కడో కబురు ఆగిపోయింది.

1990 మే 9న దాదాపు అంత తీవ్రమైన తుపానే మళ్ళీ కృష్ణా నది సముద్రంలో కలిసే చోటు దగ్గరే తీరం దాటింది. ఈసారి చనిపోయినవాళ్ళు 967 మంది. అదేమీ చిన్న సంఖ్య కాదు. కానీ 10,000 పక్కన పెట్టి చూడండి. సముద్రం మారలేదు, గాలి మారలేదు. 13 ఏళ్ళలో తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక ముందుగా ఊళ్ళకి చేరింది, లక్షల మందిని తీరం నుంచి తరలించారు. ఆ తేడా పేరే భద్రత అని నేను వాదిస్తాను. ఈ వాదన నిలబెట్టుకోవడానికి నా ఉద్యోగ జీవితమంతా పట్టింది, ఎందుకంటే నేను చదివిన శాస్త్రం చాలాకాలం దీన్ని తనలోకి రానివ్వలేదు.

నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎంఏ అయ్యాక 1983లో ఢిల్లీ వెళ్ళాను. బారాఖంబా రోడ్డులోని సప్రూ హౌస్ లైబ్రరీలో ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో లెక్కలేదు. రక్షణ అధ్యయనాల సంస్థ ఐడీఎస్ఏ కూడా అప్పట్లో అదే భవనంలో ఉండేది. దాని డైరెక్టరు కె.సుబ్రహ్మణ్యం గారు. మనకి అణ్వస్త్రం ఎందుకు కావాలో ఆయన రాసిన వ్యాసాలు మా తరం విద్యార్థులందరం పోటీపడి చదివేవాళ్ళం, వాటి మీద మెస్సులో రాత్రిళ్ళు కొట్టుకునేవాళ్ళం. నా పరిశోధన హిందూ మహాసముద్రం మీద. ఆ సముద్రాన్ని శాంతి మండలంగా ప్రకటిస్తూ 1971 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి చేసిన తీర్మానం, ఆ తర్వాత కూడా అందులోని డియెగో గార్సియా దీవిలో పెరుగుతూ పోయిన అమెరికా స్థావరం, వీటి మధ్య మన విధానం ఏమిటన్నది అంశం. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి కాబట్టి సముద్రమే పట్టుకున్నాను.

ఢిల్లీలో నేను చదివిన వాటిలో అన్నిటికన్నా లోతుగా దిగింది 1952 నాటి ఒక చిన్న వ్యాసం. రాసినాయన ఆర్నాల్డ్ వోల్ఫర్స్. 'జాతీయ భద్రత' అన్న మాట చూడ్డానికి చాలా స్పష్టంగా కనిపిస్తుంది, కానీ ఎవరికి కావాల్సిన అర్థం వాళ్ళు అందులో పోసుకోవచ్చు అని ఆయన హెచ్చరిక. భద్రతకి రెండు ముఖాలున్నాయని కూడా చెప్పాడు. సంపాదించుకున్నదానికి నిజంగా ముప్పు లేకపోవడం ఒకటి, ముప్పు ఉందన్న భయం లేకపోవడం ఇంకొకటి. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలని ఏమీ లేదు. ముప్పు లేని చోట భయం ఉండొచ్చు. 1977లో మా ఊళ్ళలో ముప్పు ఉంది, తగినంత భయం లేదు.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగాక ఆ మూడు రోజులూ నేను ఢిల్లీలోనే ఉన్నాను. సిక్కుల ఇళ్ళు తగలబడుతుంటే హాస్టల్ మేడ మీద నుంచి పొగ కనిపించేది. అప్పటిదాకా నా పుస్తకాల్లో రాజ్యం అంటే బయటి శత్రువు నుంచి జనాన్ని కాపాడేది. కాపాడాల్సినవాళ్ళు రాకపోతే సొంత రాజధానిలో సొంత పౌరుడి గతి ఏమిటన్న ప్రశ్నకి ఆ పుస్తకాల్లో చోటే లేదు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

1990లో థీసిస్ ఇచ్చాను. మరుసటేడాది సోవియట్ యూనియన్ పోయింది. "మీ సబ్జెక్టు అయిపోయిందండీ" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఎకనామిక్స్ ఆయన అన్నాడు. నిజానికి ఆ శాస్త్రంలో అసలు గొడవ అప్పుడే మొదలైంది. భద్రతా అధ్యయనం అంటే సైనిక బలం వల్ల వచ్చే ముప్పు, ఆ బలాన్ని వాడటం, అదుపు చెయ్యడం, ఇంతవరకే అని 1991లో అమెరికన్ ప్రొఫెసర్ స్టీఫెన్ వాల్ట్ గీత గీశాడు. ఆర్థికం, పర్యావరణం, సమాజం కూడా ఇందులోకి వస్తాయని ఇంగ్లండు ప్రొఫెసర్ బారీ బుజాన్ 1983 నుంచే అంటున్నాడు. 1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక ఇంకా ముందుకెళ్ళి 'మానవ భద్రత' అంది. తిండి, ఆరోగ్యం, ఉపాధి, పర్యావరణం అన్నీ అందులో లెక్కే. ఆ నివేదిక వెనక ఉన్న మహబూబుల్ హక్ పాకిస్తాన్ ఆర్థికవేత్త. రెండు దేశాల తుపాకులూ ఎదురెదురుగా ఉన్న చోటి నుంచే ఆ మాట వచ్చిందని క్లాసులో ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి.

వాల్ట్ అభ్యంతరం తేలిగ్గా కొట్టెయ్యదగ్గది కాదు. అన్నీ భద్రతే అంటే చివరికి ఏదీ భద్రత కాకుండా పోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. దేన్నైనా 'భద్రతా సమస్య' అని ముద్ర వేస్తే చాలు, దాని మీద ప్రశ్నలు ఆగిపోతాయి, ఫైళ్ళు రహస్యమైపోతాయి, మామూలు నియమాలు పక్కకి పోతాయి. బుజాన్, ఓలె వేవర్ వాళ్ళు 1998లో ఈ సంగతే వివరంగా రాశారు. కాబట్టి తుపానుని భద్రతలో చేర్చమంటున్నానంటే దాన్ని సైన్యం చేతికి అప్పగించమని కాదు. యుద్ధం గురించి అడిగే గట్టి ప్రశ్నలు తుపాను గురించి కూడా అడగమంటున్నాను, అంతే. ముప్పు ఎంత? ఎవరికి? ముందుగా ఎవరికి తెలుసు? తెలిసినా కబురు ఎక్కడ ఆగింది?

కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం గారి కమిటీ అడిగింది సరిగ్గా ఇదే. చొరబాటు సంగతి 1999 మే మొదట్లో గొర్రెలు కాచుకునే మనిషి చెబితే మన సైన్యానికి తెలిసింది. కబురు ఎక్కడ ఆగిందని ఆ కమిటీ ఒక్కొక్క మెట్టూ వెతికింది. ఆ యుద్ధంలో 527 మంది సైనికుల్ని పోగొట్టుకున్నాం. వాళ్ళ పక్కన మా అత్త ఇంటివాళ్ళని నిలబెట్టి ఎవరు ఎక్కువని నేను అడగడం లేదు. రెండు చోట్లా పోయినవి ప్రాణాలే, రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే. 2004 సునామీ అప్పుడు మంగినపూడి బీచ్‌లో పౌర్ణమి స్నానాలకి వెళ్ళినవాళ్ళని సముద్రం లాక్కుపోయింది. ఆ తర్వాత 2007 అక్టోబరులో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది. అది కూడా దేశ రక్షణ వ్యవస్థే అని నేనంటే, ఒక సెమినార్‌లో మిలిటరీ నుంచి రిటైరైన ఒకాయన అందరికన్నా ముందు ఒప్పుకున్నాడు. ప్రొఫెసర్లే ఒప్పుకోలేదు.

గుంటూరులో చెప్పడం వల్ల నా పాఠం పలచబడిందని నేను అనుకోను. ఇంకా చిక్కబడింది. ఈ శాస్త్రంలో 'భద్రతా సందిగ్ధం' అని ఒకటుంది, 1950లో జాన్ హెర్ట్స్ పెట్టిన పేరు. నేను నా రక్షణ కోసం బలం పెంచుకుంటాను, అది చూసి నువ్వు భయపడి నీ బలం పెంచుకుంటావు, చివరికి ఇద్దరికీ నిద్ర ఉండదు. దీన్ని అమెరికా, రష్యా క్షిపణులతో చెబితే పిల్లలు నోట్సు రాసుకునేవాళ్ళు. కృష్ణ కరకట్టతో చెబితే తలలెత్తి చూసేవాళ్ళు. ఎడమ గట్టు ఎత్తు పెంచితే కుడి గట్టు ఊళ్ళకి కునుకు పట్టదు. పెంచినవాడికి దురుద్దేశం ఏమీ లేదు, తన ఊరు మునగకూడదనుకున్నాడు, అంతే. కానీ నీళ్ళు ఎక్కడికో పోవాలి కదా! 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన రోజు రెండు గట్ల మీదా జనం ఇసుక బస్తాలతో కాపలా కాశారు. హెర్ట్స్ చెప్పింది వాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 1998 మే 11న పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత పిల్లలు స్వీట్లు తెచ్చారు. నేనూ తిన్నాను, సంతోషపడ్డాను. "ఇప్పుడు అవతలి గట్టు సంగతి చూడండి" అని మాత్రం అన్నాను. 17 రోజులకి, మే 28న, పాకిస్తాన్ పేల్చింది.

2020 జూన్‌లో క్లాసులన్నీ ఫోన్లోనే. ఆ నెల 15 రాత్రి చైనా సరిహద్దులోని గల్వాన్‌లో మనవాళ్ళు 20 మంది చనిపోయారు. కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. తర్వాతి క్లాసులో ఒకబ్బాయి మైకు ఆన్ చేసి, "సార్, మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు. మా తేజా కాయలు చైనాకే పోతాయి. ఇప్పుడు అమ్మడం తప్పా సార్?" అని అడిగాడు. గొంతు వణికింది వాడికి. ఆ ప్రశ్నకి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆ గంటంతా దాని మీదే మాట్లాడుకున్నాం. వ్యాపారం ఉంటే యుద్ధం రాదనేది నిజం కాదు. 1914కి ముందు ఇంగ్లండు, జర్మనీ బోలెడంత వ్యాపారం చేసుకున్నాయి. ఆపేస్తే అవతలివాడు లొంగుతాడనేదీ నిజం కాదు. ఎవరికి ఇంకో బేరం తొందరగా దొరుకుతుందో పైచేయి వాళ్ళది. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1945లోనే ఈ మాట సిద్ధాంతంగా రాశాడు. ఆ అబ్బాయి వెంటనే, "కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టుకోగలిగిన రైతుకీ ఆ రోజే అమ్ముకోవాల్సిన రైతుకీ ఉన్న తేడా కదా సార్" అన్నాడు. ఆ వాక్యాన్ని ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను.

ఇలాంటి పాఠం తెలుగులోనే వస్తుంది. అందుకే నా పట్టుదల. మన డిగ్రీ కాలేజీల్లో బీఏ పిల్లలు, ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, ఇంగ్లీషులో నిర్వచనాలు బట్టీ పట్టి పరీక్షలో దించుతున్నారు. అందులో ఉన్నది తమ బతుకే అని వాళ్ళకి తెలియడం లేదు. తెలుగులో మాటలు లేవంటారు. ఉన్నాయి. సెక్యూరిటీ అంటే ఇప్పుడు మనకి అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చునే మనిషి. కానీ ఊరెళ్ళే బిడ్డతో అమ్మ "భద్రం నాన్నా" అంటుంది. ఉత్తరం మొదలుపెడితే "ఇక్కడ అందరం క్షేమం" అని రాసేవాళ్ళం. ఎదురుపడితే యోగక్షేమాలు అడుగుతాం. ఆ యోగక్షేమమే కౌటిల్యుడి మాట. లేనిదాన్ని సంపాదించుకోవడం యోగం, సంపాదించుకున్నదాన్ని కాపాడుకోవడం క్షేమం. ప్రజల యోగక్షేమం చూడటం రాజు పని అని అర్థశాస్త్రం చెబుతుంది. వోల్ఫర్స్ 1952లో 'సంపాదించుకున్నదానికి ముప్పు లేకపోవడం' అన్నాడే, అది అచ్చంగా మన క్షేమం. ఇది నాకు ఢిల్లీలో తట్టలేదు. గుంటూరులో ఒక క్లాసులో, బోర్డు మీద రాస్తూ రాస్తూ ఉండగా తట్టింది. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మాట దొరకనివీ ఉన్నాయి. ఎదుటివాడు దెబ్బ తీస్తే తిరిగి ఎంత తగులుతుందో ముందే తెలిసేలా చేసి, వాడంతట వాడే ఆగేలా చెయ్యడాన్ని పత్రికల్లో 'నిరోధం' అంటారు. నిరోధం అంటే అడ్డుకోవడం. ఇందులో అడ్డుకోవడం లేదు, వెనక్కి తగ్గేలా చెయ్యడం ఉంది. మా ఊళ్ళో 'జడిపించి ఆపడం' అంటారు. పుస్తకానికి పనికొస్తుందో రాదో గానీ, పిల్లలకి మాత్రం అర్థమైంది.

2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ జరుగుతున్న రోజుల్లో, ఒక చానల్ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, యుద్ధం వస్తుందా రాదా, ఒక్క ముక్కలో చెప్పండి, లైవ్‌లో పెడతాం" అని. ఒక్క ముక్కలో చెప్పలేనన్నాను. ఫోన్ పెట్టేశారు. ఫోన్ చేసిన అబ్బాయి మీద కోపం లేదు, వాడి పని వాడిది. బాధ ఎక్కడంటే, ఆ రాత్రి మన ఇళ్ళల్లో తల్లులు, సరిహద్దులో కొడుకులున్నవాళ్ళు, టీవీ ముందు కూర్చున్నారు. శ్రీ సత్యసాయి జిల్లా నుంచి వెళ్ళిన మురళీ నాయక్ ఆ రోజుల్లోనే ప్రాణం ఇచ్చాడు. వాళ్ళకి కావలసింది తూకం వేసి చెప్పిన మాట. రెండు వైపులా అణ్వస్త్రాలున్నప్పుడు గొడవ ఏ మెట్టు దాకా పోతుంది, ఏ మెట్టు దగ్గర ఇద్దరూ జంకుతారు, మన అణు విధానం 2003 నుంచి ఏం చెబుతోంది, ఇవి తెలుగులో నెమ్మదిగా చెప్పగలిగే మనుషులు ప్రతి జిల్లాలోనూ ఉండాలి. భద్రత చదివినవాడి పని భయం పెంచడం కాదు, తగ్గించడమూ కాదు. ఎంత భయపడాలో సరిగ్గా చెప్పడం.

సైన్యం ఎందుకనే మనిషిని కాను. మా నాగాయలంక మండలంలో గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రం కట్టాలన్నది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ప్రతిపాదన. 2025 మేలో దానికి శంకుస్థాపన కూడా జరిగింది. అది పూర్తి కావాలనే నా కోరిక. దేశానికి క్షిపణులు కావాలి, పరీక్షించడానికి తీరం కావాలి. దాంతో పాటు అక్కడి మడ అడవుల లెక్క కూడా వెయ్యాలి. ఉప్పెన వచ్చినప్పుడు ఊళ్ళకి ముందు అడ్డం నిలబడేవి అవే. పరీక్షల రోజుల్లో వేటకి వెళ్ళలేని పడవల లెక్కా వెయ్యాలి. క్షిపణి ఎంత దూరం పోతుందో లెక్కగట్టే దేశానికి ఇదేమీ కష్టం కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలు మూడో అంతస్తులో చిక్కుకుపోయింది. రెండో రోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, డ్రోన్ వచ్చి డాబా మీద పులిహోర పొట్లాలు వేసి వెళ్ళింది" అంది. ఎక్కడెక్కడి యుద్ధాల్లోనో డ్రోన్లు ఏం చేస్తున్నాయో ఏళ్ళుగా చదువుతున్నవాణ్ణి, ఆ మాట విని కాసేపు ఏమీ అనలేకపోయాను. తర్వాత అడిగాను, "నీళ్ళు వస్తున్నాయని మీకు ముందుగా ఎవరైనా చెప్పారా?" అని. "లేదు. కింద ఇంటివాళ్ళ అరుపులు విని లేచాం" అంది.

మళ్ళీ అదే. కబురు ఆగిపోయిన చోటు.

ఉద్యోగంలో నా చివరి ఏడాది, ఎంఏ పిల్లలకి ఒక అసైన్‌మెంటు ఇచ్చాను. తీరం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు 11 మంది ఉన్నారు. మీ ఊళ్ళో తుపాను షెల్టర్ ఉందా, దాని తాళం చెవి ఎవరి దగ్గరుంది, ఆ మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడు, కనుక్కుని రాయండి అన్నాను. ఇది రాజనీతిశాస్త్రం ఎలా అవుతుందని ఒక సహోద్యోగి అడిగారు. సెలవులయ్యాక 11 కాగితాలు వచ్చాయి. కొన్ని ఊళ్ళలో షెల్టర్ బడిగా నడుస్తోంది, చెవి హెడ్‌మాస్టారి దగ్గర. ఒక ఊళ్ళో అది ఎరువుల గోడౌను అయింది. రెండు ఊళ్ళలో చెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేకపోయారు. కోడూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి రాసిన కాగితం నా దగ్గరే దాచుకున్నాను. వాళ్ళ ఊరి షెల్టర్ చెవి ఒక ఉద్యోగి దగ్గర ఉంటుంది, ఆయన కాపురం అవనిగడ్డలో. ఈ అమ్మాయి సర్పంచి దగ్గరికి వెళ్ళి, అసైన్‌మెంటు సంగతి చెప్పి, రెండో చెవి చేయించమని అడిగిందట. చేయించారు. అది ఇప్పుడు షెల్టర్‌కి ఎదురింట్లో, వలలు అల్లుకునే ఒక ముసలావిడ దగ్గర, దేవుడి పటం వెనక మేకుకి వేలాడుతోంది.

ఆ కాగితానికి 20కి 20 వేశాను.